పెంచే అధికారం, పెరిగే హక్కు

సైన్సు పాఠాలు చెప్పే వ్యక్తి కుటుంబం గురించి, హక్కుల గురించి ఎందుకు మాట్లాడుతున్నారని మీలో కొందరికి సందేహం రావచ్చు. కారణం చెబుతాను. ఇన్నేళ్లుగా పాఠశాలల్లో, కళాశాలల్లో విద్యార్థులు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ కాంతి గురించో, కణం గురించో కావు. పాఠం అయిపోయాక ఒంటరిగా దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. "నాన్న ఎంపీసీ తీసుకోమంటున్నారు, నాకేమో చరిత్ర ఇష్టం. ఏం చేయాలి?" "అమ్మ నా డైరీ చదివింది. అది తప్పు కాదా?" "ఇంట్లో కొడితే ఎవరికి చెప్పాలి? చెబితే ఇంటి పరువు పోదా?" "పదో తరగతి అవగానే పెళ్లి చేసేస్తామంటున్నారు."

ఈ ప్రశ్నలన్నిటికీ అడుగున ఉన్నది ఒకే ప్రశ్న. తల్లిదండ్రులకు పిల్లల మీద ఎంత అధికారం ఉంది? అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది?

దీనికి రెండు తేలిక జవాబులు వినిపిస్తుంటాయి. "కన్నవాళ్లు ఏం చేసినా మన మంచికే" అన్నది మొదటిది. "నా జీవితం నా ఇష్టం, నాకెవరూ చెప్పనక్కరలేదు" అన్నది రెండోది. రెండూ పరీక్షకు నిలబడవు. ఎందుకు నిలబడవో ఈ రోజు చూద్దాం. సైన్సులో ఒక విషయాన్ని ఎలా పరిశీలిస్తామో అలాగే, కోపతాపాలు పక్కనబెట్టి, ఆధారాలు ముందుపెట్టుకుని చూద్దాం.

బిడ్డ ఎవరి సొత్తు?

మొదట కొంచెం చరిత్ర. ప్రాచీన రోము చట్టంలో కుటుంబ పెద్దకు బిడ్డల ప్రాణం మీద కూడా అధికారం ఉండేది. బిడ్డ పెరిగి పెద్దవాడైనా, తండ్రి బతికున్నంతకాలం ఆ అధికారం కిందే ఉండాలి. ఆ తరువాతి శతాబ్దాలలో ఆ అధికారం క్రమంగా సన్నగిల్లింది. కానీ "బిడ్డ తండ్రి సొత్తు" అనే భావం మాత్రం చాలా దేశాల్లో చాలాకాలం నిలిచింది. ఒక పోలిక చూడండి. ఇంగ్లండులో పశువులను హింసించకూడదని 1822లో చట్టం వచ్చింది. పిల్లలను హింసించకూడదనే చట్టం రావడానికి 1889 దాకా ఆగవలసి వచ్చింది. అంటే ఎద్దుకు దొరికిన రక్షణ బిడ్డకు దొరకడానికి 67 ఏళ్లు పట్టింది.

మన దగ్గర ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే దూరం వెళ్లనక్కరలేదు. గురజాడ అప్పారావు గారి "కన్యాశుల్కం" నాటకం మీలో చాలామంది చదివే ఉంటారు. 1892లో తొలిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. దాని ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని జరిపించిన బ్రాహ్మణ వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. అందులో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు ఐదేళ్లు. ముగ్గురి వయసు ఒక్క ఏడాది. ఆ తండ్రులందరూ రాక్షసులని మనం అనుకోనక్కరలేదు. బిడ్డ తమ చేతిలోని ఆస్తి అనీ, దానిని ఎవరికివ్వాలో తామే నిర్ణయించాలనీ అందరూ నమ్మిన కాలమది. ఊరంతా నమ్మే అన్యాయం అన్యాయంగా కనిపించదు. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురైన వ్యతిరేకత అంతటిది కావడానికి కారణం అదే.

ఇదే కాలంలో బొంబాయిలో రఖ్మాబాయి కేసు నడిచింది. ఆమెకు పదకొండేళ్ల వయసులో పెళ్లయింది. పెద్దయ్యాక భర్త ఇంటికి వెళ్లనని నిరాకరించింది. భర్త 1884లో కోర్టుకెక్కాడు. తన అంగీకారం లేని వయసులో జరిగిన పెళ్లికి తాను కట్టుబడనని ఆమె వాదించింది. 1887లో కోర్టు, భర్త దగ్గరకు వెళ్లాలి లేదా ఆరు నెలలు జైలుకు వెళ్లాలి అంది. జైలుకే వెళతానంది ఆమె. చివరకు 1888లో రాజీ కుదిరింది. రఖ్మాబాయి లండన్ వెళ్లి వైద్యవిద్య చదివి, తిరిగి వచ్చి దశాబ్దాలపాటు వైద్యురాలిగా పనిచేసింది. ఇందులో మరొక మాట మరచిపోకూడదు. ఆ పోరాటంలో ఆమెకు అండగా నిలిచినవారిలో ఆమె సవతి తండ్రి డాక్టర్ సఖారాం అర్జున్ ఒకరు. కాబట్టి దీనిని పెద్దలకూ పిల్లలకూ మధ్య యుద్ధంగా చూడకండి. బిడ్డను సొత్తుగా చూసే పెద్దరికం ఒకటి, మనిషిగా చూసే పెద్దరికం ఒకటి. పోటీ ఈ రెంటి మధ్య.

హక్కుల ఒడంబడిక ఏం చెబుతుంది?

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. మన దేశం 1992 డిసెంబరు 11న అందులో చేరింది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండనివారందరూ బాలలే. మొత్తం 54 అధికరణలున్నాయి. మన చర్చకు కావలసినవి కొన్ని చెబుతాను.

పిల్లలకు సంబంధించిన ఏ నిర్ణయంలోనైనా వాళ్ల మేలుకు ముఖ్యమైన స్థానం ఇవ్వాలంటుంది మూడో అధికరణ. తనకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పుకునే హక్కు బిడ్డకు ఉందనీ, వయసును బట్టీ పరిణతిని బట్టీ ఆ అభిప్రాయానికి విలువనివ్వాలనీ పన్నెండో అధికరణ అంటుంది. పదహారోది బిడ్డ ఆంతరంగికతను గుర్తిస్తుంది. పందొమ్మిదోది, తల్లిదండ్రుల దగ్గర ఉన్నప్పుడు కూడా హింస నుంచి రక్షణ కావాలంటుంది. ముప్ఫై ఒకటోది ఆటకూ విశ్రాంతికీ ఉన్న హక్కు.

ఇవి విన్న పెద్దలు కొందరు "ఇక తల్లిదండ్రులెందుకు?" అంటారు. వాళ్లు ఐదో అధికరణ చదవలేదన్నమాట. పిల్లలకు దారి చూపించే బాధ్యత, హక్కు, విధి తల్లిదండ్రులకు ఉన్నాయని అది స్పష్టంగా ఒప్పుకుంటుంది. ఒక షరతు మాత్రం పెడుతుంది. ఆ దారి చూపడం బిడ్డలో పెరుగుతున్న శక్తి సామర్థ్యాలకు తగినట్టు ఉండాలి.

ఈ ఒక్క షరతులో మన ప్రశ్నకు సగం జవాబుంది. రెండేళ్ల బిడ్డ పొయ్యి దగ్గరకు పోతుంటే చెయ్యి పట్టి లాగుతాం, అనుమతి అడగం. పదేళ్ల బిడ్డకు కారణం చెబుతాం. పదహారేళ్ల బిడ్డతో చర్చిస్తాం. పద్దెనిమిది నిండాక సలహా ఇస్తాం. అధికారం ఒకేసారి తెగిపోయే తాడు కాదు, బిడ్డ ఎదిగేకొద్దీ తరిగే నీడ లాంటిది. పొద్దెక్కేకొద్దీ నీడ కురచబడాలి. అలా కురచబడడం లేదంటే ఎక్కడో ఏదో అడ్డం ఉన్నట్టే.

మన చట్టాల్లో తల్లిదండ్రుల స్థానం

మన చట్టాలు తల్లిదండ్రులను సంరక్షకులు అంటాయి. యజమానులు అనవు. తేడా గమనించండి. యజమాని తన వస్తువును తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు. సంరక్షకుడు ఎదుటివారి మేలు కోసం మాత్రమే అధికారాన్ని వాడాలి. గుడి ధర్మకర్తకు తాళాలు ఉంటాయి, గుడి మాత్రం ఆయనది కాదు.

1890 నాటి సంరక్షకుల చట్టంలోనే ఒక మంచి మాట ఉంది. తెలివిగా తన ఇష్టం చెప్పగల వయసు బిడ్డకు వచ్చి ఉంటే, సంరక్షకుని నియమించేటప్పుడు కోర్టు ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంది. అదే చట్టం తండ్రిని సహజ సంరక్షకుడిగా చెప్పి, "ఆయన తరువాత" తల్లి అంది. తండ్రి చనిపోయాకే తల్లికి ఆ స్థానం వస్తుందా అన్న ప్రశ్నకు 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. తండ్రి బతికున్నా, ఆయన బిడ్డ బాగోగులు చూడని పరిస్థితిలో తల్లే సహజ సంరక్షకురాలు కావచ్చంది. ఎవరు చూసుకుంటున్నారన్నదే ముఖ్యం.

2002 రాజ్యాంగ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కయింది. అదే సవరణ, ఆ వయసు పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడాన్ని తల్లిదండ్రుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. బిడ్డ హక్కు, పెద్దల విధి ఒకే నాణేనికి రెండు వైపులని మన రాజ్యాంగమే చూపించింది.

దెబ్బ పని చేస్తుందా?

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయానికి వద్దాం. బడిలో దెబ్బలను, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ నిషేధించింది. మరి ఇంట్లో? ఇంట్లో కొట్టడాన్ని నేరుగా, పూర్తిగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. పైగా 1860 నాటి శిక్షా స్మృతిలోని 89వ సెక్షన్, పన్నెండేళ్ల లోపు బిడ్డ మేలు కోరి సద్భావంతో సంరక్షకులు చేసిన పనికి కొన్ని పరిమితులతో మినహాయింపు ఇచ్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ మినహాయింపు 27వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అలాగని ఏం చేసినా చెల్లుతుందని కాదు. తమ అధీనంలో ఉన్న బిడ్డను అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా కొట్టినా, హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తల్లిదండ్రులు దీనికి అతీతులు కారు.

చట్టం సంగతి అలా ఉంచండి. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు కదా. కొట్టకపోతే పిల్లలు చెడిపోతారని చాలామంది నిజంగానే నమ్ముతారు. "కొట్టాను, మర్నాటి నుంచి బాగా చదివాడు. కళ్లారా చూశాను" అంటారు. ఆ అనుభవం అబద్ధం కాదు. కానీ దాని నుంచి తీసిన నిర్ధారణ తప్పు కావచ్చు. ఎలాగో ఒక చిన్న ప్రయోగం చేసి తెలుసుకుందాం.

రెండు పాచికలు తీసుకోండి. రెండూ కలిపి వేయమని మీ స్నేహితుడికి ఇవ్వండి. మొత్తం నాలుగు గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే గట్టిగా తిట్టండి. పది గానీ ఎక్కువ గానీ పడితే మెచ్చుకోండి. ప్రతిసారీ ఆ తరువాత వేసినప్పుడు ఎంత పడిందో రాసుకోండి. తిట్టిన తరువాత ఆరింట కనీసం ఐదు సార్లు అంకె పెరుగుతుంది. మెచ్చుకున్న తరువాత ఆరింట కనీసం ఐదు సార్లు తగ్గుతుంది. పాచికలకు చెవులున్నాయా? లేవు. నాలుగు కన్నా తక్కువ పడడం అరుదు కాబట్టి, ఆ తరువాతిది దానికన్నా మెరుగ్గా పడే అవకాశమే ఎక్కువ. దీనిని గణాంకశాస్త్రంలో సగటు వైపు తిరిగి రావడం అంటారు. బిడ్డ విషయం కూడా అంతే. బాగా తక్కువ మార్కులు వచ్చిన రోజునే దెబ్బ పడుతుంది. తరువాతి పరీక్షలో ఎటూ కొంత మెరుగు కనిపిస్తుంది. ఆ ఘనత దెబ్బ ఖాతాలో పడుతుంది.

ఈ పొరపాటును మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులలో గమనించారు. మెచ్చుకుంటే చెడిపోతున్నారు, తిడితే బాగుపడుతున్నారని ఆ శిక్షకులు గట్టిగా నమ్మేవారు. వాళ్లు చూసింది నిజమే, వాళ్లు చెప్పిన కారణమే తప్పు. కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి శిక్ష ఏం చేస్తుంది? బి.ఎఫ్. స్కిన్నర్ 1938లో ప్రచురించిన ప్రయోగాల్లో, మీట నొక్కిన ఎలుక పాదం మీద దెబ్బ పడే ఏర్పాటు చేశారు. ఎలుక కాసేపు మీట నొక్కడం తగ్గించింది. దెబ్బలు ఆగాక మళ్లీ నొక్కడం మొదలుపెట్టింది. చివరకు మొత్తం లెక్కలో పెద్దగా తేడా రాలేదు. శిక్ష అలవాటును కాసేపు అణచింది, పోగొట్టలేదు. నాన్న ఇంట్లో ఉన్నంతసేపు పుస్తకం, బయటకు వెళ్లగానే టీవీ అన్నది మీకు తెలియని సంగతి కాదు.

పిల్లల మీద జరిగిన పరిశోధనల మాటేమిటి? యాభై ఏళ్లలో వచ్చిన 75 పరిశోధనలను, అంటే 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి, ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ 2016లో విశ్లేషించారు. కొట్టడం వల్ల మాట వినడం పెరిగిందన్న ఆధారం దొరకలేదు. ఎదురు తిరగడం, దూకుడు, మానసిక సమస్యలు మాత్రం ఎక్కువగా కనిపించాయి. ఇక్కడ సైన్సు విద్యార్థిగా మీరు ఒక ప్రశ్న అడగాలి. అల్లరి పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయి కదా, ఏది కారణం, ఏది ఫలితం? మంచి ప్రశ్న. ఇటువంటి పరిశోధనలు సంబంధాన్ని చూపినంత తేలికగా కారణాన్ని నిరూపించలేవు. అయినా ఒకటి ఆలోచించండి. ఒక మందు యాభై ఏళ్లుగా వాడుతున్నా మేలు చేసిన జాడ లేదు, కీడుతో పాటే కనిపిస్తోంది. ఆ మందును మీ ఇంటి వైద్యుడు రాస్తే మీరు మింగుతారా?

2007లో కేంద్ర ప్రభుత్వం పిల్లలపై జరిగే హింస గురించి 13 రాష్ట్రాలలో జరిపిన అధ్యయనాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. 12,447 మంది పిల్లలను అడిగారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురయ్యామన్నారు. ఇంట్లో దెబ్బలు తిన్నవారిలో చాలామందిని కొట్టింది తల్లిదండ్రులే. దీని అర్థం మన తల్లిదండ్రులకు ప్రేమ లేదని కాదు. ప్రేమ ఉన్నచోట కూడా పద్ధతి తప్పు కావచ్చునని.

ఏ రకం పెద్దరికం?

కొట్టకూడదంటే అడ్డూ అదుపూ లేకుండా వదిలేయాలా? అక్కరలేదు. అమెరికాలో డయానా బౌమ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో తల్లిదండ్రుల తీరును మూడు రకాలుగా విభజించారు. మొదటిది, చెప్పింది చెయ్యి, ఎందుకని అడగకు అనే ఆజ్ఞల తీరు. రెండోది, ఏం చేసినా సరేననే ఉదాసీన తీరు. మూడోది, నియమాలు గట్టిగా పెడుతూనే వాటికి కారణం చెప్పే తీరు, బిడ్డ మాట వినే తీరు. మూడో రకం ఇళ్లలో పెరిగిన పిల్లలే ఎక్కువ ఆత్మవిశ్వాసంతో, బాధ్యతతో ఉన్నారని ఆమె గమనించారు. పరీక్షల ముందు రాత్రి పన్నెండింటి దాకా సినిమా వద్దని నాన్న అంటే, అది మీ హక్కును కాజేయడం కాదు. ఎందుకు వద్దో చెప్పడం, మీరు చెప్పేది వినడం ఆయన విధి. విని కూడా ఆయన వద్దనవచ్చు. అభిప్రాయం చెప్పే హక్కు అంటే ప్రతిసారీ గెలిచే హక్కు కాదు.

దీనికి జీవశాస్త్రపు ఆధారం కూడా ఉంది. ముందుచూపుతో నిర్ణయాలు తీసుకోవడంలో, ఆవేశాన్ని అదుపు చేయడంలో ముఖ్యపాత్ర వహించే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా పరిణతి చెందుతూనే ఉంటుంది. కాబట్టి పదహారేళ్ల వాళ్లకు పెద్దల తోడు అవసరమే. కానీ నిర్ణయం తీసుకోవడం ఈత లాంటిది. ఒడ్డున కూర్చోబెట్టి ఎన్నాళ్లు చెప్పినా రాదు. తక్కువ లోతులో దిగనివ్వాలి, పక్కన నిలబడాలి.

ఇక గ్రూపు ఎంపిక. చదువు ఖర్చు పెట్టేది, ఉద్యోగాల సంగతి తెలిసినది తల్లిదండ్రులు. ఆ చదువుతో నలభై ఏళ్లు బతకవలసినది మీరు. ఇద్దరి దగ్గరా సగం సమాచారమే ఉంది. అందుకే ఒకరే తీసుకున్న నిర్ణయం సగం గుడ్డిది. మీకు చరిత్ర ఇష్టమైతే "ఇష్టం" అని ఊరుకోకండి. ఏ కళాశాలలో ఏ కోర్సు ఉంది, ఖర్చెంత, తరువాత ఏ పరీక్షలు రాయవచ్చు, ఏ ఉద్యోగాలున్నాయి అని కాగితం మీద రాసి చూపించండి. అప్పుడు మీది మొండితనం కాదని, ఆలోచన అని ఇంట్లో వాళ్లకు తెలుస్తుంది.

డైరీ, ఫోను సంగతికొస్తే, 2017లో సుప్రీంకోర్టు ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఎనిమిదేళ్ల బిడ్డ ఫోనులో ఏం చూస్తోందో తల్లి గమనించడం రక్షణ. పదిహేడేళ్ల బిడ్డ డైరీని చాటుగా చదవడం వేరు. ప్రమాదముందని బలమైన అనుమానం ఉంటే చూడవచ్చు, కానీ చూశానని చెప్పాలి. చాటుమాటు తనిఖీ వల్ల నిజం బయటపడడం కన్నా నమ్మకం పోవడమే ఎక్కువ.

పెళ్లి, పని

కొన్ని చోట్ల సర్దుబాటుకు తావు లేదు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్లి చేయకూడదు. చేసిన పెద్దలు శిక్షార్హులు. అప్పటికే పెళ్లయిపోయి ఉంటే, దానిని రద్దు చేయమని ఆ బిడ్డ కోర్టును కోరవచ్చు. మేజరయ్యాక మరో రెండేళ్ల లోపు, అంటే అమ్మాయికి 20 నిండేలోపు ఆ అవకాశం ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, మీ ఊళ్లో చెప్పండి. ఇది పాత కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది లోపు పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. వయసు నిండాక ఎవరిని చేసుకోవాలన్నది ఆ ఇద్దరి నిర్ణయం. మేజర్లయిన ఇద్దరి పెళ్లికి కుటుంబం గానీ, కులపంచాయతీ గానీ అనుమతి ఇవ్వనక్కరలేదని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పని సంగతీ అంతే. 2016 సవరణ తరువాత పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి పనికీ కుటుంబ వృత్తికీ సాయం చేయడం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. "పేదవాళ్లు పిల్లల్ని బడికి పంపరు" అని ఒకప్పుడు అందరూ అనేవారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి చేసిన పని ఆ మాటను పరీక్షకు పెట్టింది. పనిలో ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, చదువు నేర్పి, బడిలో చేర్చారు. ఎన్నో పేద కుటుంబాలు కష్టాలు పడి కూడా పిల్లల్ని పంపడానికి ముందుకొచ్చాయి. ఆ పనికి నాయకత్వం వహించిన ప్రొఫెసర్ శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. తల్లిదండ్రులను దొంగలుగా చూడకుండా, వాళ్లను కలుపుకుపోయి సాధించిన ఫలితమిది.

ఇది దిగుమతి సరుకా?

పిల్లల హక్కులు మన సంస్కృతి కాదనేవాళ్లున్నారు. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం పెట్టి, భయం లేని చదువు సాధ్యమని చూపించారు. తెలుగులో చలం "బిడ్డల శిక్షణ" అనే పుస్తకమే రాశారు, పిల్లలను కొట్టి, భయపెట్టి పెంచే పద్ధతిని నిలదీశారు. స్వీడన్ 1979లో పిల్లలను ఇంట్లో కూడా కొట్టకూడదని ప్రపంచంలో మొదటగా చట్టం చేసింది. ఆ చట్టం తల్లిదండ్రులకు కొత్త శిక్షలేవీ పెట్టలేదు. పాల పెట్టెల మీద కూడా ఆ సంగతి అచ్చువేసి ఇంటింటికీ చేర్చారు. ఇప్పుడు అటువంటి దేశాలు అరవైకి పైగా ఉన్నాయి. వాటిలో మన పక్కనున్న నేపాల్ ఒకటి, 2018లో ఆ చట్టం చేసింది. నేపాల్ కుటుంబాలకు మన కుటుంబాలకన్నా ప్రేమ తక్కువా?

మీరు చేయగలిగినవి

మాట్లాడడానికి సమయం చూసుకోండి. నాన్న అలిసిపోయి వచ్చిన క్షణంలో, అమ్మ పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ముఖ్యమైన మాట ఎత్తకండి. ఒక్కసారికి ఒక్క విషయమే చెప్పండి. ఇంట్లో మీ మాట వినేవారు ఒకరుంటారు. అమ్మమ్మో, మేనమామో, పెదనాన్నో, అక్కో. వాళ్లను మధ్యలో కూర్చోబెట్టండి.

మాటలతో పోనిది ఉంటే, అంటే గాయాలయ్యేలా కొట్టడం, తాకకూడని చోట తాకడం, బలవంతపు పెళ్లి, చదువు మాన్పించడం ఉంటే, దానిని ఇంటి గుట్టు అనుకుని దాచకండి. 1098 పిల్లల సహాయ నంబరు. పగలైనా రాత్రయినా డబ్బు ఖర్చు లేకుండా చేయవచ్చు. మీ స్నేహితురాలి కోసం మీరు కూడా చేయవచ్చు. మనసు భరించలేనంత బరువుగా ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం. నమ్మకమైన ఉపాధ్యాయులకు చెప్పండి. లైంగిక హింస గురించి తెలిసినవారు అధికారులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. పరువు పోయేది హింసించినవారిది, బయటకు చెప్పిన బిడ్డది కాదు.

మరొక మాట. మీ ఇంట్లో మీకన్నా చిన్నవాళ్లున్నారు కదా. తమ్ముడి నెత్తి మీద మొట్టికాయ వేసేటప్పుడు, చెల్లెలి పుస్తకం అడగకుండా తెరిచేటప్పుడు, ఆ అధికారం మీకు ఎవరిచ్చారో ఒక్కసారి అడుక్కోండి. మీ అమ్మానాన్నలు కూడా ఒకప్పుడు ఎవరి ముందో తలవంచుకుని నిలబడినవాళ్లే. తమకు దొరికిన పెంపకమే వాళ్లకు తెలిసిన పెంపకం. వాళ్లకు తెలియనిది మీకు తెలిసింది కాబట్టి, చెప్పే బాధ్యత కూడా మీదే. రేపు మీరూ తల్లిదండ్రులవుతారు. అప్పుడు మీ చేతిలో ఉండే అధికారం ఎలాంటిదో ఈ రోజు తమ్ముడితో, చెల్లెలితో మీరు నడుచుకునే తీరులోనే తయారవుతోంది.

ఇంటికి వెళ్లాక చేయడానికి రెండు పనులు చెబుతాను. పాచికల ప్రయోగం యాభై సార్లు చేసి లెక్క రాసి, ఆ కాగితం మీ అమ్మానాన్నలకు చూపించండి. తరువాత మీ ఇంట్లో ఉన్న నియమాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని పక్కన అది ఎవరి మేలు కోసం పెట్టిందో రాయండి. పక్కన ఏమీ రాయలేకపోయిన నియమాల గురించే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.